ఐదో తరగతి వంక

పద్నాలుగేళ్ల కిందట, మే నెల,
గంగవరం దాటినాక ఈతొంక గట్టు మీద
నేనే నిలబడి రాశాను:
వెడల్పు నాలుగడుగులు. లోతు చీలమండ.
పారుదల లేదు. చేపలు లేవు.
తరగతి ఐదు.
సంతకం పక్కన తేదీ, తేదీ మీద చెమట చుక్క.

ఆ కాగితం జెరాక్సు
ఇవాళ చెంగల్రాయుడి ఎర్రల డబ్బాలో కనిపించింది.
ఎనిమిది మడతలు.
వానపాముల జిగురుకి పై వరసలన్నీ అలికిపోయి
అడుగున నా ఐదో తరగతి మాత్రం
నిన్న రాసినట్టుంది.

"ఇది లేకుంటే నేను గాలమే ఎయ్యను మేడం."

దెప్పుతున్నాడేమో అనుకున్నా.
నెమలీక కాడ బెండుకి దారం చుట్టుకుంటూ
నిదానంగా చెప్పుకొచ్చాడు:
"మీరు ఒకటని రాసిన ఏటికి
ఆదివారమైతే మదనపల్లి నుంచి బండ్లు,
బిరియానీ పొట్లాలు, దోమతెర వలలు.
చీకటి పడితే బ్లీచింగు పొడి.
రెండని రాసిందాన్ని ఇసుక ట్రాక్టర్లు తినేసినాయి.
ఐదని రాసిన చోటికి ఎవురొస్తారు?
ఏనుగులొస్తాయి. నేనొస్తా."

రమ్మని ముందు నడిచాడు.
వంక ఎడమకి తిరిగే చోట
నల్లగుండు వెనక, మడుగు.
అప్పటి మా టేపు ముప్పై మీటర్లు.
ఇది ముప్పై ఒకటో మీటరు దగ్గర మొదలవుతుంది.

నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు
గుప్పెడు ఎర్రటి పిల్లలు, గుంపుగా.
వాటి కింద, కదలని నీడ:
కొర్రమీను.
గెడ భుజాన పెట్టుకున్నాడు.
"పిల్లలతో ఉండాది. ఈడ ఎయ్యకూడదు.
కిందికి పోదాం, పక్కెలున్నాయి."

కొత్త ఫారంలో గళ్లు ఎక్కువ.
కరిగిన ఆక్సిజన్, అడుగున ఇసుకా రాయా,
ఒడ్డున నీడ నూటికి ఎంత.
రాసినాక ఎవరు చదువుతారో
అడిగే గడి లేదు.
నిబంధన ఇప్పటికీ ముప్పై మీటర్లే.

టేపు కొస చెంగల్రాయుడికి ఇచ్చాను.
గుండు దాకా వెళ్లి
నా వైపు చూడకుండా ఆగాడు.
నేనూ పిలవలేదు.

పలమనేరు బస్సులో
బాదం ఆకులో చుట్టిచ్చిన నాలుగు పక్కెలు ఒళ్లో.
కండక్టరు ముక్కు ఎగబీల్చి
"ఏ ఏట్లోవి మేడం?" అన్నాడు.

టిక్కెట్టుకి చిల్లర వెతుకుతూ ఉండిపోయాను.