అతుకు

పద్దెనిమిది వేల తీగను
పాలిథీన్ సంచిలో చుట్టి తెచ్చాడు ఏసురత్నం,
జబ్బుచేసిన కోడిపిల్లను తెచ్చినట్టు.
"పలకడం లేదన్నా. ఆదివారం ఆరాధన మధ్యలో ఆగిపోయింది."

రిచీ స్ట్రీట్‌లో మెట్ల కింద నా కొట్టు.
నేనూ, ఒక స్టూలూ, సోల్డరింగ్ ఐరనూ పట్టేంత.
అటు బజ్జీల నూనె, ఇటు రోసిన్ పొగ,
సాయంత్రానికి రెండూ ఒకటే వాసన.

మీటరు పెట్టాను. ఒక కొసన కూత లేదు.
పైన నల్లటి అల్లిక, కుబుసంలా మెరుస్తోంది.
డబ్బా మీద రాసుంది:
ప్రాణవాయువు తీసేసిన రాగి,
ధ్వని బాణం గుర్తు వైపే నడుచును.
నవ్వొచ్చింది.
గిటారు పంపేది అటూ ఇటూ ఊగే కరెంటు.
ఊయలకు ఏ వైపు గీస్తారు బాణం?

"విప్పి చూడనా?"
వద్దన్నట్టు చూసి, సరేనన్నట్టు తలూపాడు.
అల్లిక కింద రబ్బరు, రబ్బరు కింద వల,
వల కింద రాగి,
నేను మూడొందల యాభైకి అమ్మే తీగలో ఉండే రాగే.
కాకపోతే దీనికి అతుకు వేసినవాడికి
ఆ పూట ఎక్కడికో తొందర.
సీసం పైన కూర్చుంది గాని కలవలేదు,
పెళ్ళిలో దూరపు చుట్టంలా.

ఏసురత్నం వంగి చూశాడు.
పెరంబూరులో రైలుపెట్టెలకు వెల్డింగు చేసే మనిషి,
ఇరవై రెండేళ్ళుగా అతుకులే అన్నం.
"ఇట్లాంటిది నేను వేస్తే
ఇన్‌స్పెక్టరు సుద్దముక్కతో సున్నా చుడతాడు" అన్నాడు.
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.
పొడుగు పెరిగే కొద్దీ తీగ పైస్వరాలను కొంచెం మింగుతుంది.
వల పలచనైతే చెవిలో జోరీగ.
ఈ ఊరి ఉప్పుగాలికి ఇత్తడి పచ్చబడుతుంది,
బంగారు పూత పచ్చబడదు, కాదనను.
అన్నిటికీ కలిపి వెయ్యి రూపాయలు చాలు.
మిగతా పదిహేడు వేలూ డబ్బాకి, బాణానికి,
అద్దాల షాపులో చల్లగాలికి.

నోటిదాకా వచ్చింది. ఈలోగా అతనే అన్నాడు:
"మూడు నెలల ఓవర్‌టైమ్ అన్నా.
వాయింపులో మొద్దుతనం ఉందన్నాడు కొత్తగా వచ్చిన కుర్రాడు.
ఈ వయసులో వేళ్ళు మార్చుకోలేను గదా,
తీగ మార్చాను."

కాసేపాగి,
"మార్చిన వారం బాగా వినిపించింది నాకు. అది అబద్ధమా?"

నా తల మీద మేకుకి ఒక తీగ వేలాడుతుంటుంది.
కోడంబాకం రికార్డింగు థియేటరు మూసేసిన రోజు
మా మేస్త్రి కస్తూరయ్య నా మెడలో వేసింది.
ఆయన చేతి అతుకు, బియ్యపుగింజంత, నున్నగా.
దాంతో వింటే పాడైన ఆంప్లిఫయరు కూడా
కాస్త మర్యాదగా మాట్లాడుతుంది.
మీటరు ఒప్పుకోదు.
మీటరుకి కస్తూరయ్య తెలియదు.

"అబద్ధం కాదు" అన్నాను.
తీగ వల్లేనా అని అతను అడగలేదు.

పాత సీసం గీకేసి, రాగి మెరిసేదాకా తుడిచి,
ముందు తీగను వేడిచేసి, తర్వాత సీసం తాకించాను.
ఊదలేదు. దానంతటదే చల్లారనిచ్చాను.
ఏసురత్నం నా చేతిలోంచి తీసుకుని
వెలుతురుకి పెట్టి చూశాడు,
రెండు వేళ్ళతో లాగి చూశాడు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"పట్టింది" అన్నాడు.

ముప్పై రూపాయలు అన్నాను. యాభై ఇచ్చి చిల్లర తీసుకోలేదు.
వాన మొదలైంది. సంచిని చొక్కాలో దాచుకుని
సెంట్రల్ వైపు పరుగెత్తాడు.

షట్టరు దించే ముందు
మేకు మీది తీగను కిందికి దించాను,
ఎన్నేళ్ళ తర్వాతో.
ఒక కొసన ఇత్తడి
సన్నగా పచ్చబడుతోంది.
విప్పితే తెలిసిపోతుంది, లోపల ఎలా ఉందో.

మళ్ళీ మేకుకే వేశాను.