కొలతల పుస్తకం

నరసన్నపేట బజారులో, మందుల షాపు మేడ మీద
నాదొక కుట్టుమిషను, ఒక బల్ల,
పురికొసకి వేలాడే కొలతల పుస్తకం.

మొదలుపెట్టింది కూర్మారావు. లైన్‌మేను.
ఆ రోజు కరెంటు తీసింది ఆయనే,
ప్యాంటు కోసం వచ్చి చీకట్లో కూర్చున్నదీ ఆయనే.
"తప్పు నాదే గదా, కూకుంటాన్లే" అన్నాడు.
ఊసుపోక, నడుము ముప్పై ఆరు అన్న చోట, పక్కనే
పెన్సిలుతో రాశాడు:

    స్తంభం ఎక్కితే ఊరంతా కనిపిస్తాది.
    మా డాబా మీద దండెం కనిపిస్తాది.
    చీర ఆరేసే మనిషే లేదు.

చదివాను. ఏమీ అనలేదు.
ఆ ప్యాంటుకి మాత్రం కుట్టుకూలి తీసుకోలేదు.

మర్నాడు అసిరమ్మ మెట్లెక్కి వచ్చింది,
చేపల బుట్ట గుమ్మంలో దించి
"ఏటది, సదువు" అంది.
చదివాను.
"నాను సెప్తాను, రాయి" అంది:

    బాబూ, దండెం తెంపీకు.
    పిట్టలు కూకుంటాయి.
    నెత్తళ్ళు తెచ్చినాను. కావాలంటే సాయంత్రం లోపు రా.

అంతే, ఇక ఆగలేదు.
ఛాతీ నలభై, చెయ్యి తొమ్మిదిన్నర,
దాని కింద వంశధార మీద ఎనిమిది పాదాలు,
దాని కింద ఎండురొయ్యల కూరలో
చింతపండు వెయ్యాలా వద్దా అని ఒకటిన్నర పేజీ తగువు,
దాని కింద పొన్నాడ మాస్టారి ఎర్ర సిరా:
"ఆరో పాదంలో యతి తప్పింది."
దాని కింద ఎవరో:
"మాస్టారూ, మీ చొక్కా గుండీ కూడా తప్పింది."

నాలుగు రోజులు మాస్టారు రాలేదు.
అయిదో రోజు వచ్చి, మెడ దాకా గుండీలు పెట్టుకుని,
"నేను సరిచేసుకున్నాను. ఇక మీ వంతు" అని రాసి వెళ్ళారు.

వీళ్ళలో ఒకరికి పేరు లేదు.
చీమంత అక్షరాలు, ఎప్పుడూ మార్జిన్‌లోనే.
నేను భోజనానికి దిగినప్పుడు వచ్చి రాసి పోతారు.

    రాత్రి డ్యూటీలో గోడ గడియారం కూడా
    ఒక్కోసారి కునుకు తీస్తుంది.
    లేపాలనిపించదు.

ఈ ఊళ్ళో సగం భుజాలు నాకు తెలుసు.
ఎవరికి ఎడమ పక్క దిగిందో,
ఎవరు ఈ ఏడు చిక్కిపోయారో
అడక్కుండానే నా టేపుకి తెలుస్తుంది.
ఈ చీమలు ఏ చేతి నుంచి నడిచొస్తున్నాయో
తెలియలేదు.

ఒక సోమవారం మార్జిన్‌లో:

    ఈ వారం నా వల్ల కాదు.
    మీరు ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఉండండి.
    వింటాను.

ఆ వారం ఎవ్వరూ కవిత్వం రాయలేదు.
కూర్మారావు ఏ వీధిలో ఎప్పుడు కరెంటు పోతుందో రాశాడు.
అసిరమ్మ తన మేక చేసిన ఆగాలన్నీ నాతో రాయించింది.
మాస్టారు నీలం సిరాతో
మోకాలి నొప్పి గురించి, మెత్తబడిపోయిన పకోడీ గురించి,
యతి లేదు ప్రాస లేదు, మూడు పేజీలు.
పన్నెండేళ్ళుగా అంకెలే రాసిన నేను కూడా రాశాను:
"బాబిన్‌లో దారం చిక్కుపడింది. మబ్బేసింది.
మేడ తలుపు తీసే ఉంచుతాను."

పుస్తకం అయిపోయింది. కొత్తది కొన్నాను.
ఈసారి పద్ధతిగా ఉందామని నడిమికి గీత గీశాను,
ఇటు కొలతలు, అటు రాతలు.
అసిరమ్మకి చదువు రాదు గానీ గీత కనిపించింది.
"ఏటి ముఖలింగం, మనిసిని రెండు ముక్కలు కోసీసినావు?"
పేజీ చింపేశాను.

నిన్న భోజనం చేసి వచ్చేసరికి
కొత్త పేజీ మీద, మార్జిన్‌లో కాదు, మధ్యలో, చీమలు:

    జాకెట్టు ఇచ్చి మూడు వారాలైంది.
    చేతులు కొంచెం వదులుగా కుట్టమన్నాను.
    ఎప్పుడిస్తారండీ?

సంచీ దులిపి చూశాను.
మూడు వారాలు దాటినవి పదకొండు జాకెట్లున్నాయి.

రాత్రి లైటు వేసుకుని కూర్చుని
పదకొండింటికీ చేతులు వదులు చేశాను.