తాలు

ఎనుమాముల మార్కెట్ల తాలు అంటే
రంగు చెడ్డ మిరపకాయ.
ఎర్రకుప్పల నుంచి ఏరి పక్కకు పోసి
సగం కన్న తక్కువ ధరకు కాంటా పెడ్తరు.
తెల్లమచ్చల కుక్కపిల్లకు ఆ పేరు పెట్టింది సరూప.
నన్ను చూసుకుంట పెట్టిందని
నేనేం అనుకోలె.

పదకొండేండ్లు బస్తాలు మోసిన మెడ ఇది.
ఒక మార్చి మధ్యాహ్నం
పేర్చిన బస్తాలు నా మీదికి ఒరిగినయ్.
ఎంజీఎంల డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి
అయిదో పూస అన్నడు.
భుజాలు నాయి. మోచేతులు సగం నాయి.
వేళ్లు మాత్రం
ఎవలియో తెచ్చి కుట్టినట్టు ఉంటయి.

కుక్కకు నేర్పాలంటే చెయ్యి గావాలె అన్నరు అందరు.
సైగకు చెయ్యి, తాడుకు చెయ్యి,
ముక్క ఇయ్యనీకి చెయ్యి.
నా దగ్గర నాలుక ఉన్నది.
టక్కుమని కొడితె 'మంచిగ చేసినవ్' అని.
ఉడకేసిన కోడి కార్జం బుగ్గల పెట్టుకొని
సరైన గడియల ఉమ్ముత.
పక్కింటి పోరలు గోడెక్కి నవ్విండ్రు:
"కొంరెల్లి మామ ఉమ్మితె కుక్క చదువుతది!"
నవ్వనీ.
ఉప్పు లేని కార్జం నేను సుత సగం మింగిన.
సారుకు కూడ కూలి గావాలె గద.

మొదటి మాట "గుంజు".
ఫ్రిజ్జు తలుపుకు కొత్తవాడ జంపఖానా పేలిక కట్టిపోయింది సరూప.
అది గుంజింది, ఊడబెరికింది,
చచ్చిన పామును తిప్పినట్టు ఇల్లంత తిప్పింది.
తొమ్మిది రోజులు.
పదో రోజు తలుపు తెరుసుకొని
చల్లగాలి నా మొఖానికి తాకింది.
నేను ఏడ్చిన.
అది పెరుగు గిన్నె నాకింది.

"ఇడువు" ఇంకా కష్టం.
పట్టుకున్నది ఇడువమంటె ఎవలు ఇంటరు?
మూలకు ఆనిచ్చిన నా ఇనుప కొంకిని
పాత సామాన్లోనికి ఎయ్యనీకి
నాకే రెండేండ్లు పట్టింది.
ఇప్పుడు జారిపడ్డ ఫోన్ తెచ్చి ఒడిల ఇడుస్తది,
చొంగతోటి, పండ్లగాట్లతోటి.

మే నెలల నా ఒంటికి చెమట రాదు.
ఓరుగల్లు ఎండ లోపల్నే ఉడుకుతది.
తల తిరిగితె "తడి" అంట.
బకీట్ల మూతి పెట్టి తువ్వాల తీసి
గచ్చు మీద నీళ్లగీత గీసుకుంట వచ్చి
నా మెడ మీద పారేస్తది.
ఒక్కోసారి తువ్వాలకు బదులు సరూప రైక.
అదీ చల్లగనే ఉంటది.

పోయిన వానకాలం మూడు రోజులు
ఏం చెప్పినా ఇనలె.
ఎడమ తుంటి కాడ ముక్కు పెట్టి మూలుగుడే.
మొండిదయిందని తిట్టిన.
తొడిమలు తీసి తీసి మండే చేతులతోటి వచ్చిన సరూప
నన్ను పక్కకు మర్లేసి చూసి
ఏం మాట్లాడలె.
రూపాయి బిళ్లంత ఎరుపు, నడుమ నలుపు.
తిట్టిన నోటితోనే ఆ రాత్రి
రెండు ముక్కలు ఎక్కువ ఉమ్మిన.

నిద్రల నా కాలు దానంతటదే దుంకుతది.
మొదట్ల మంచం కిందికి ఉరికేది.
ఇప్పుడు ఆ కాలు మీద గడ్డం పెట్టి పంటది.
బరువు నాకు తెల్వదు.
చూస్తె తెలుస్తది.

నిన్న రాత్రి ఫ్యాన్ ఆగింది.
"మీట" అన్న.
ముందటి కాళ్లు గోడకు ఆనిచ్చి ముక్కుతోటి కొట్టింది.
రెక్కలు తిరుగలె.
మళ్ల కొట్టింది. మళ్ల.
తప్పు తనదే అన్నట్టు నా దిక్కు చూసింది.
గల్లీ గల్లంత చీకటి.

కరెంటు పోయిందని కుక్కకెట్ల చెప్పాలె?
ఎంత సరిగ్గ నొక్కినా
కొన్నిసార్లు అవుతల ఏం ఉండదని?
నాకు సుత ఎవలు చెప్పలె.
ఆస్పత్రిల తెల్లారేదాక
నా బొటనవేలికి హుకుం ఇచ్చుకుంట ఇచ్చుకుంట
నేనే తెలుసుకున్న.

నాలుక టక్కుమనిపిచ్చిన.
బుగ్గల ముక్క లేకుండె.
అయినా వచ్చి నిలబడ్డది,
ఆ చీకట్ల,
నోరు తెరుసుకొని.