కండె

తుమ్మలపెంట ఇసకలో
రొయ్యపిల్లలు చచ్చిపోయిన హేచరీ ఇది.
తెల్లమచ్చ వచ్చిన ఏడు
భాగస్తులిద్దరూ షెడ్డు నడిమధ్య గోడ కట్టుకున్నారు.
అవతల ఇప్పుడు ఐసు పెట్టెలు.
ఇవతల కోదండయ్య, సీసాల్లో పూలమొక్కలు, నేను.

కొండాపురం దారిలో, తుపానుకు కూలిన మామిడి మీద
దొరికింది ఈ కోడికాళ్ల బదనిక.
చెట్టు చచ్చినా అది చావలేదు,
తెల్లటి వేళ్లతో గాలిని గీరుతూ ఉంది.
చెట్టు రక్తం తాగుతుందని కొట్టి పారేస్తారు జనం.
కాదు. ఆనుకుంటుంది, అంతే.

దాని విత్తనం ముక్కుపొడి కంటే సన్నం.
గాజుసీసాలో, చక్కెర కలిపిన జిగురు మీద
రెండు నెలలకు ఆవగింజంత పచ్చదనం.
ఆ గింజల్ని పాత గాలిమోటారుకు బిగించిన బల్ల మీద
మూడు రాత్రులు మందులో ఊపాలి.

ఏం మందని అడిగింది షాహీనా, గ్లౌజులు తొడుక్కుంటూ.
అడవినాభిలో ఉండే విషం.
కంచె మొదట్లో కనిపిస్తే
మేకలవాళ్లు పెరికి పారేసేది దాన్నే.
కోదండయ్య బొటనవేలు వాచినప్పుడు
మాత్రలో మింగేదీ అదే.
"నా కాలుకీ నీ పూలకీ ఒకటే వైద్యమా?
అయితే డాక్టరు ఫీజు నువ్వే తీసుకోమ్మే" అంటాడు.

లోపల జరిగేది చెప్పడం నాకు తేలిక.
వెంకటగిరిలో మా మునెమ్మత్త
రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది.
బడి పుస్తకంలో కణం బొమ్మ కింద
'కండె తంతువులు' అని చదివి
అత్త పేరు అచ్చులో పడ్డంత సంబరపడ్డాను.
కణం తనకున్నదంతా రెండు చేసుకుంటుంది.
పోగులు చెరో సగాన్నీ చెరో వైపుకి లాగుతాయి,
నడుమ గోడ లేస్తుంది.
ఈ మందు ఆ పోగుల్నే పోసుకోనివ్వదు.
పంపకాలకి అన్నీ సర్దుకున్న ఇంట్లో
లాగే తాళ్లు లేక మూటలు అట్టాగే ఉండిపోతాయి.
ముప్పై ఎనిమిది కాస్తా డెబ్బై ఆరై
ఒకే కప్పు కింద పడుకుంటాయి.

చెప్పినంత సులువు కాదు లెండి.
మూడు వందల పన్నెండు వేస్తే
నల్లబడినవి రెండు వందల ఎనభై.
కొన్ని బతికీ మారలేదు.
కొన్నిటికి ఒక ఆకు పాతది, ఒక ఆకు కొత్తది.
షాహీనా రంగులేని గోళ్లరంగు ఆకు అడుగున పూసి
పొరలా ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టేది.
ఆకు నోళ్లు పెద్దవిగా కనిపిస్తే అరిచేది.
పదకొండుసార్లు అరిచింది.

తర్వాత నాలుగేళ్లు ఏమీ జరగలేదు.
అంటే, నీడవల రెండుసార్లు చిరిగింది.
షాహీనా పెళ్లి చేసుకుని మళ్లీ పనికొచ్చింది.
అవతలి భాగస్తుడు పోయాడు. ఆ రోజు కోదండయ్య
గోడకి ఇటువైపే చాలాసేపు నిలబడ్డాడు.

ఈ ఏడు రోహిణి ఎండల్లో మొదటి మొగ్గ విప్పింది.
రేకు చెవితమ్మెంత మందం.
పెదవి ముదురు వంకాయ రంగు.
రొయ్యల్ని కొలిచిన స్కేలుతోనే కోదండయ్య కొలిచాడు,
అడవి పువ్వుకి ఒకటిన్నర రెట్లు.
నెల్లాళ్లు వాడకుంటే చాలు, రేటు మీరే చెప్పండన్నాడు
ఫోన్లో మద్రాసు వ్యాపారి.

నేను వాసన చూశాను.
కూలిన మామిడి దగ్గర ఆ పొద్దు
పువ్వు కనపడక ముందే తగిలిన తీపి
ఇందులో వెతికితే గానీ లేదు.
షాహీనా కళ్లు మూసుకుని ముక్కు ఆనించింది,
"ఉండాది అక్కా, బాగా అడుగున."

అందరూ అన్నాలకి వెళ్లాక
అడవి మొక్క పుప్పొడిని అగ్గిపుల్లతో తీసి
ఈ పువ్వు గొంతులో పెట్టాను.
వీటికి పుట్టే బిడ్డ గింజ కట్టదని తెలుసు.
కోదండయ్యకి ఇంకా చెప్పలేదు.