బహువచనం

పొద్దున్నే మర్డో పొయ్యి ముందు నిలబడి
ఓట్స్ జావని కర్రతో కలుపుతాడు, కుడివైపుకే.
ఎడమకి తిప్పితే దయ్యం వస్తుందట.
స్టోర్నోవే రేవులో తొలి ఓడ కూత వేసేసరికి
చిక్కబడాలి.
అందులో ఉప్పు. ఉప్పు మాత్రమే.
నేను పంచదార అడిగిన రోజు
నా వంక చూసిన చూపు,
పెళ్ళినాడు కూడా అంత తేరిపార చూడలేదు.

నిలబడే తింటాడు,
గిన్నె చేతిలో, కళ్ళు కిటికీలో.
మాట్లాడడు.
నాకేమో స్నానం కాకుండా ముద్ద దిగదు,
పక్కన మాట లేకపోతే అసలే దిగదు.
ఆరు నెలలు ఆ వంటింట్లో
రోజుకి రెండు పొద్దులు పొడిచాయి,
ఆయనది ఆరున్నరకి, నాది ఎనిమిదికి.

నా పొద్దుకి పొగ ఎక్కువ.
ఆవాలు చిటపటమనగానే
పైకప్పు మీది అలారం కెవ్వుమనేది.
పక్కింటి పెగ్గీ తువ్వాలుతో పరుగెత్తుకొచ్చి
దానికి విసిరేది,
విసురుతూ విసురుతూనే ఒక పెసరట్టు తినేసేది.
ఆదివారం మాత్రం రాదు.
ఆదివారం దేవుడికి తప్ప ఎవరికీ విసరదు.

ఒకరోజు మర్డో "దే ఆర్ రెడీ" అన్నాడు.
ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూశాను.
ఆయన గిన్నె చూపించాడు.
వాళ్ళమ్మ జావని ఎప్పుడూ ఏకవచనంలో అనలేదట,
ఆవిడ అమ్మా అనలేదట.
నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.
మా పాలు మాత్రం ఒకటా? మా నీళ్ళు ఒకటా?
అడుగున చుక్క మిగిలినా నీళ్ళే.
పొయ్యి మీద పాలు పొంగాయంటాం గాని
పొంగింది అంటామా?
ఈ సంగతి చెబితే కర్ర ఆపి మరీ విన్నాడు.
ఆపకూడదు. అడుగంటింది.

ఆ మాడు వాసనలోంచి మా నాయనమ్మ లేచి కూర్చుంది.
పార్వతీపురంలో చోడి అంబలి,
మట్టిముంత, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.
అందులోనూ ఉప్పే.
ఇంటికి గ్రైండరు వచ్చిన ఏడు
అమ్మ ఆ ముంతలో తులసి పెట్టేసింది.
ఎవరైనా అడిగితే
"పొద్దున మాకు ఇడ్లీయేనండి" అనేది,
ఎప్పటినుంచో అన్నట్టు.
ఇక్కడేమో ఈయన
తాత జావని సొరుగులో పోసి గడ్డకట్టించి
ముక్కలు కోసుకుని, జేబులో వేసుకుని
సముద్రం మీదికి వెళ్ళేవాడని
ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ సొరుగు లాగి చూపిస్తాడు.
నాకు నలభై ఏడేళ్ళు.
అంబలి అన్న మాట
చుట్టాల ముందు ఇంతవరకు అనలేదు.

ఇక అప్పట్నుంచి కలిసి తిన్నామా అంటే, లేదు.
ఫిబ్రవరిలో పెద్ద పోట్లాట,
నా అట్లపెనం మీద బ్లాక్ పుడింగ్ వేయించాడని.
నెత్తురు, అన్నాను.
అందులో ఓట్స్ కూడా ఉన్నాయి, అన్నాడు.
రెండు రోజులు మాటల్లేవు.
అది ఆయనకి మామూలే. నాకు ఉపవాసం.

మూడో పొద్దున కిందకి దిగేసరికి
బల్ల మీద ఉప్మా.
ముతక ఓట్స్‌తో. కరివేపాకు చోట
ఏదో ఆకు, నమిలితే కాగితం.
అలారానికి ముందే తువ్వాలు చుట్టి ఉంచాడు.
ఒక ముద్ద తిన్నాను.
ఉప్పు లేదు.
పుట్టి బుద్ధెరిగి ఉప్పు మరవని మనిషి.
ఏమీ అనకుండా డబ్బా తెచ్చి
రెండు పళ్ళేల్లోనూ చల్లాను.
ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఈమధ్య తెలుగు నేర్చుకుంటున్నాడు,
జావ చిక్కబడేలోగా రోజుకో మాట.
ఇవాళ నేనింకా తడిజుట్టుతో మెట్ల మీద ఉండగా
కిందనుంచి కేక:
"వాళ్ళు ఉడుకుతున్నారు!"
ఉడుకుతున్నాయి అనాలి. నోటిదాకా వచ్చింది.
మనుషులకి వేరే, తక్కినవాటికి వేరే
బహువచనాలు ఉన్నాయని రేపు చెబుతాను.
పోనీ, వచ్చే వారం.
"వస్తున్నా," అన్నాను,
"వాళ్ళని కాస్త ఆగమను."