రెండున్నర అంగుళాలు

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
లారీ టైర్ల కొట్టుకీ లేత్ షెడ్డుకీ మధ్య
నాది సీట్లు కుట్టే దుకాణం.
బండి సంగతి నన్నడిగితే ఇంజన్ దగ్గర మొదలెట్టను,
కూర్చునే చోట మొదలెడతాను.

రెంటపల్లి భుజంగరావు గారు,
గుంటూరులో పొగాకు గ్రేడింగు చేసి రిటైరైన మనిషి,
రెండు ఫ్రెంచి బళ్లు తెచ్చి నా రేకుల కింద పెట్టారు.
"షెడ్డు సగం రోడ్డు వెడల్పులో పోయిందయ్యా.
ఒకటే ఉంచుకోవాలి. ఏది?"

ఒకటి ప్యూజో, నాలుగొందల నాలుగు.
యానాంలో ఒక నోటరీ గారిదట.
వెనక రెండు రెక్కలు,
గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాలరు మొనల్లా.
ముక్కు మీద సింహం. ముందు బంపరు దగ్గర ఓ బొక్క:
బ్యాటరీ చచ్చినా కడ్డీ పెట్టి తిప్పితే
తిట్టుకుంటూ లేస్తుంది.

రెండోది రెనో పదహారు.
లాగేవి ముందు చక్రాలే.
వెనక తలుపు మిఠాయి పెట్టె మూతలా పైకి లేస్తుంది.
సీట్లు ఎటు పడుకోమంటే అటు పడుకుంటాయి,
వెనక సీటునైతే
ఉయ్యాలలా పైకప్పుకి వేలాడదీయొచ్చు.

ప్యూజో సీటు విప్పాను.
స్ప్రింగుల్లో బింకం ఇంకా పోలేదు.
అడుగున గోదారి ఇసుక,
ఒక పక్క అరగదీసిన చింతపిక్కలు రెండు.
ఎడమ మూల ఎక్కువ కుంగింది:
అక్కడో బరువైన మామ్మ కూర్చునేదని
నా అరచెయ్యి చెప్పింది.

రెనో సీటంతా నురుగు.
వేలు పెడితే సున్నుండలా రాలింది.
కొబ్బరిపీచు వేద్దామా అంటే
"వద్దయ్యా, అంబాసిడరైపోతుంది" అన్నారాయన.

అప్పుడే మా లాజరు టేపు పట్టుకుని అరిచాడు:
"దీనికి యాక్సిడెంటైంది మామా!
ఎడం వైపు చక్రాల మధ్య రెండున్నర అంగుళాలు తక్కువ!"
మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అంతే.
భుజంగరావు గారు దగ్గొచ్చేదాకా నవ్వారు.
"పుట్టుకేనయ్యా అది. వెనక స్ప్రింగు కడ్డీలు రెండూ
అడ్డంగా పడుకోవాలి, ఒకదాని వెనక ఒకటి.
అందుకని ఓ చక్రం ముందుకి జరిగింది.
అలాగే లక్షల బళ్లు అమ్మారు."

బందరు రోడ్డు మీద రెండూ తోలారు, పక్కన నేను.
ప్యూజో ప్రతి గుంతనీ చెప్పి మరీ దాటింది.
రెనో చెప్పలేదు.
బెంజి సర్కిల్ దాకా తిన్నగా వెళ్లింది,
ఎక్కడా పక్కకి లాగలేదు.

సాయంత్రం మళ్లీ అడిగారు.
కొనేవాళ్లు ప్యూజోకే ఎక్కువ, ధరా దానికే.
సామాన్లు వెతికితే ఎక్కడో ఓ చోట దొరుకుతాయి.
రెనోకి దీపం అద్దం పగిలిందా, ఇక దేవుడే దిక్కు.
అన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు.

తర్వాత మిషను మీంచి లేచి
ఆయన దాకా నడిచాను,
చిన్ననాటి జ్వరం ఎడమ కాలిని
పొట్టిగా వదిలేసిన నా నడకతో.
"రెనో ఉంచుకోండి" అన్నాను.

ఆయన నా కాలు వైపు చూడలేదు.
ఆ మర్యాదకి కుట్టుకూలి వదిలేసి
నురుగు ఖరీదే తీసుకున్నాను.

ప్యూజోని ఎవరో ఏలూరాయన పట్టుకెళ్లాడు.
చింతపిక్కలు మాత్రం ఇవ్వడం మరిచాను,
నా దారపుండల డబ్బాలో ఉన్నాయి.