నల్ల పెన్సిలు

కార్పొరేషన్ వాళ్లు నాకు నాలుగు రంగు పెన్సిళ్లిచ్చారు,
చెక్కుకోడానికి ఒక మర,
రోజుకి పదకొండు రూపాయలు.

డ్రాఫ్ట్స్‌మన్ పరిశుద్ధరావు గారు
బెజవాడని బల్ల మీద పరిచి, మూలల్లో టీ గ్లాసులు పెట్టి
రంగుల సంగతి చెప్పారు.
మేడా ఫోనూ ఉంటే పసుపు.
ఒకటో తారీకు జీతం చూస్తే గులాబీ.
కొట్టు తెరిచిన రోజే కూడుంటే నీలం.
నలుపు గురించి చెప్పలేదు.
"వెళ్తే నీకే తెలుస్తుందిలే" అన్నారు.

లబ్బీపేట రెండు పూటల్లో తేలిపోయింది.
గేటు మీదే పేరుంటుంది, కుక్క సంగతి కూడా.
ఒకాయన పేపరు దించకుండా అడిగాడు,
"మాదే రంగు?"
చెప్తే సంతోషించాడు.
పక్కింటివాళ్లదీ అదేనంటే
కాస్త తగ్గాడు.
పసుపు పెన్సిలుకి ములుకైనా అరగలేదు.

వించిపేటలో ఒకే గుమ్మం లోపల మూడు రంగులు:
ముందు గది, వెనక గది, మెట్ల కింద.
మెట్ల కింద ఇమాంబీ, చీకట్లో వేళ్లతో చూసుకుంటూ
జాకెట్లకి కాజాలు కుడుతోంది.
గుమ్మానికి ఒకటే రంగని రూలు.
ఇమాంబీ ఇంటివాళ్ల గులాబీలో కలిసిపోయింది.

ఏలూరు కాలవ గట్టు మీద గుడిసెలున్నాయి,
మ్యాపులో గట్టే లేదు.
నీళ్ల మీద రంగు వేశాను.

ఆ తర్వాత మొగల్రాజపురం కొండ.

పైకి రావడమంటే బాగుపడటం అంటాం మనం.
ఆ మాట ఈ కొండకెవరూ చెప్పినట్టు లేదు.
మొదటి మెట్టు దగ్గర డాబా,
నలభయ్యో మెట్టుకి రేకులు,
నూటపదికి తాటాకు,
ఆ పైన బరకాలు, వాటి మీద ఎగిరిపోకుండా రాళ్లు.
నీళ్లు ఎక్కవు.
నీళ్లని ఎత్తుకుని మనుషులు ఎక్కుతారు.

నూట డెబ్బయ్యారో మెట్టు.
"పేరమ్మా?"
"సామ్రాజ్యం."
రాయబోయి ఆగాను.
"నవ్వితే నవ్వుకో బాబూ,
మా నాన్న సరదాపడ్డాడు."
ఆస్తి కింద రెండు బిందెలు రాశాను.
"ఒకటి సొట్టది, అదీ రాయి" అంది.

మ్యాపు చూస్తానంది.
తడి చెయ్యి చీరకి తుడుచుకుని
కొండ ఉన్నచోట వేలు పెట్టింది.
"మెట్లేవీ?"
"మెట్లుండవమ్మా. ఇది పైనించి చూసినట్టు గీస్తారు."
"పైనించా?" తలెత్తి చూసింది.
"మాకంటే పైన ఎవరున్నారు?"

ఆ సాయంత్రం ఆఫీసులో కింది నుంచి రంగు వేసుకుంటూ వచ్చాను.
నూట డెబ్బయ్యైదు దాకా వచ్చేసరికి
నల్ల పెన్సిలు గోరంతయింది, మరలో ఇమడలేదు.
ఇంకోటి అడిగితే స్టోరు గుమాస్తా
రిజిస్టరు తిప్పి చూపించాడు:
రంగుకి ఒకటే శాంక్షను.
"పసుపు నిగనిగలాడుతోందిగా, వాడు."
పరిశుద్ధరావు గారికి పసుపంటే భయమేసింది.
ఆలోచించి, గులాబీ చేతికిచ్చారు.

ఆ రాత్రి పదిన్నరకి
ఆ పైనున్న నలభైమూడు కుటుంబాలు
బాగుపడ్డాయి.
చేతులు నావే.

రెండేళ్లకి కొండకి పైపు వేశారు.
మ్యాపు చూసే వేశారు, ఒక్క అడుగు తప్పు లేదు:
గులాబీ వాళ్లు డబ్బు కట్టి తెచ్చుకోగలరు కదా.
సామ్రాజ్యం గుమ్మానికి ఒక్క మెట్టు కింద
పంపు బిగించారట.
ఒక్క మెట్టే కదా అన్నాడు
ఈ మాట చెప్పినవాడు.
దాని హ్యాండిలుకి తాళం ఉందని, తాళంచెవి నూటడెబ్బయ్యైదో మెట్టు వాళ్లదని
వెళ్లబోతూ చెప్పాడు.

నేను మళ్లీ ఆ కొండెక్కలేదు.
మోకాళ్లని చెప్తుంటాను.

గుండీల డబ్బాలో
ఆ గోరంత నల్ల ముక్క ఇంకా ఉంది.
మరలో ఇమడదు నిజమే.
బ్లేడుతో చెక్కితే
ఇంకొక్క ఇంటికి వచ్చేది.